జానెడు తక్కువ గోలు

ఫుట్‌బాల్ పిచ్చి నాకు ఎక్కడ అంటుకుందో మా నాన్నకు చివరిదాకా అంతుపట్టలేదు. ఆదోనిలో మాది పత్తి మండీ. ఆయనకు లోకమంతా తూకంలోనే కనిపించేది. ఒకసారి కప్పు గెలిచి ఇంటికి తెస్తే దాన్ని చేతిలో ఎగరేసి చూసి, "వెండిదేనా?" అని అడిగాడు. "కాదు నాయనా, పూత" అన్నాను. "పూత కోసరం ఒళ్లు పగలగొట్టుకుంటారా ఎవరన్నా?" అని కప్పు నా చేతిలో పెట్టి మళ్లీ పత్తి బోరాల దగ్గరికి పోయాడు.

నాకిప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. ఆ కప్పులు ఏమయ్యాయో తెలియదు, వాటి మీద బెంగ కూడా లేదు. నా బెంగంతా ఒక సాయంత్రం మీద. నిజానికి అది ఒక్క సాయంత్రం కాదు, వందల సాయంత్రాలు కలిసిపోయి ఒకటిగా మిగిలింది. ఎమ్మిగనూరులో నేతగాళ్లు పొద్దునపూట ఊరి బయట మైదానంలో పడుగు నూలు పోగులు సాగదీసి గంజి పెట్టేవాళ్లు. మధ్యాహ్నానికి అవి ఆరిపోతే చుట్టుకుని ఇళ్లకు తీసుకుపోయేవాళ్లు. సాయంత్రం మగ్గాలు ఆగాక అదే నేల మీద బంతి వదిలేవాళ్లం. నేల నుంచి ఇంకా గంజి వాసన వస్తుండేది. ఆ వాసన మళ్లీ ఒక్కసారి ముక్కుకు తగిలితే చాలు, ఏమైనా ఇచ్చుకుంటాననిపిస్తుంది. ఇప్పుడు నా దగ్గర ఇచ్చుకోవడానికి ఏముందని అడగకండి.

ఆదోనిలో మా మైదానం నల్లరేగడి. ఎండాకాలం నేల పగుళ్లిచ్చి పాదాన్ని పట్టుకునేది, వానాకాలం ఒక్కొక్కడు కాళ్లకు అరఎకరం మోసుకుని తిరిగేవాడు. అందుకని ఏదో ఒక వంక పెట్టుకుని ఎమ్మిగనూరు పోయి ఆడేవాణ్ణి. బూట్లు ఎవరికీ లేవు. అందరిదీ ఉత్తకాళ్ల ఆటే.

ఎమ్మిగనూరు గోల్‌కీపరుతో నా స్నేహం ఢీకొనడంతోనే మొదలైంది. అతను నేతపని వాడు, నా ఈడువాడే. చేతులు మోకాళ్ల దాకా ఉండేవి. మగ్గంలో అటూ ఇటూ నాడె ఆడించీ ఆడించీ అట్లా సాగినాయని వాళ్ల జట్టువాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒక మ్యాచ్‌లో బంతి కోసం నేను లోపలికి దూసుకుపోయాను, అతను ముందుకు దూకాడు. బంతి అతనికి దక్కింది. నా కుడి మోకాలు తిరిగిపోయింది. నన్ను వీపు మీద వేసుకుని, కట్టు కట్టే ముసలాయన ఇంటిదాకా పరుగెత్తింది అతనే. ఆ తర్వాత రెండు నెలలు వారం వారం ఆదోనికి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. మా నాన్న అతన్ని అనుమానంగా చూసేవాడు.

"నా వల్లనే గదప్పా ఇదంతా" అనేవాడు నా స్నేహితుడు.

"నీ వల్ల గాదులే. బంతి వల్ల" అనేవాణ్ణి నేను.

మోకాలు అతికింది గానీ పరుగు పోయింది. ఇరవై మూడేళ్లకే నేను గీత బయట నిలబడే మనిషినైపోయాను. ఆ రోజుల్లో నేను ఎంత ఏడ్చానో ఇంట్లోవాళ్లకు తెలియదు, అతనికి తెలుసు. ఈల పట్టుకోమని మొదట చెప్పింది కూడా అతనే.

"ఆడకపోతే పోనీ, ఆడించు. నీ అంత సెడ్డ కోపం ఉండేటోడే రెఫరీకి సరిపోతాడు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే దేశం మొత్తానికి ఒక ఫుట్‌బాల్ సంఘం ఏర్పడిందని పేపర్లో చదివాం. మేము దాన్ని పెద్ద సంఘం అనేవాళ్లం. అది మా వాళ్లకు దేవుడి లాంటిది. ఉందని అందరికీ తెలుసు, చూసినవాడు ఒక్కడూ లేడు. మద్రాసులోని రాష్ట్ర సంఘం ద్వారా దాని ఉత్తరువులు వచ్చేవి. అంతకు ముందు మా తాలూకాలో ఆట ఎట్లా ఉండేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఎవడు బంతి తెస్తే వాడే కెప్టెను. ఓడిపోయేటట్టుంటే చీకటి పడిందని బంతి చంకన పెట్టుకుని పోయేవాడు. ఒక జట్టులో పదమూడు మంది ఆడుతున్నారని ఎవరైనా లెక్కపెట్టి చెబితే, "మీరూ ఆడుకోండప్పా, వద్దన్నామా" అనేవాళ్లు. గుంతకల్లు నుంచి రైల్వే ఆటగాళ్లను రాత్రికి రాత్రి దింపి, మా ఊరివాళ్లేనని బొంకడం మా ఆదోనివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

పెద్ద సంఘం వచ్చాక ఇవన్నీ ఒక్కొక్కటిగా ఆగాయి. ఆటగాళ్ల పేర్లు ముందే పంపాలి. ఒకడు ఒక ఏడాది ఒక్క జట్టుకే ఆడాలి. బంతి చుట్టుకొలత ఇంత, బరువు ఇంత. గోలు రెండు గుంజల మధ్య ఎనిమిది గజాలు, ఎత్తు ఎనిమిది అడుగులు. రెఫరీ కావాలంటే పరీక్ష రాయాలి. రాసి ప్యాసైతే ఒక బిళ్ల ఇస్తారు. నేను మద్రాసు పోయి రాసి వచ్చాను. బిళ్లతో పాటు ఒక కట్ట ఫారాలు ఇచ్చారు. మ్యాచ్ అయిన ప్రతిసారీ ఒకటి నింపి పంపాలి. అందులో ఒక ప్రశ్న ఉండేది: మైదానం, గోలు గుంజల కొలతలు ఆటకు ముందు రెఫరీ స్వయంగా సరిచూశాడా, లేదా?

ఆదోనిలో నేను ప్రతి మ్యాచ్‌కూ సరిచూసేవాణ్ణి. జిన్నింగు మిల్లు నుంచి ఇనుప టేపు అరువు తెచ్చి కొలిచేవాణ్ణి. ఒకసారి గోలు రెండంగుళాలు ఎక్కువుందని గుంజ పీకించి మళ్లీ పాతించాను. మా క్లబ్బు కార్యదర్శి నా మీద గుడ్లురిమాడు. "రెండంగుళాలకు ఇంత రాద్ధాంతమా! సొంత ఊరికే మొగుడివైనావు గదప్పా" అన్నాడు. నేను వినలేదు. ఆటలో నాకు మిగిలింది ఆ నియమాల పుస్తకమొక్కటే. దాన్ని కూడా వదులుకుంటే నేనేమిటి?

ఎమ్మిగనూరులో మాత్రం ఎప్పుడూ కొలవలేదు.

వాళ్లు కొత్త గోలు గుంజలు నాటిన రోజున నేను అక్కడే ఉన్నాను. వేప గుంజలు చెక్కి సిద్ధం చేశారు. ఎనిమిది గజాలు ఎట్లా కొలవాలని నేనడిగితే అందరూ నవ్వారు. ఎనిమిది గజాలంటే పదహారు మూరలు. పదహారు మూరలంటే చీర. ఊరంతా నేసేది అదే. చీర పొడవు కొలవడానికి టేపు కావాలన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకడు ఇంట్లోకి పోయి మగ్గం నుంచి అప్పుడే దించిన చీర తెచ్చాడు. పెద్దవాళ్లు ఊరుకోలేదు. కొత్త చీర కట్టుకునే ఆడమనిషి చేతికి చేరేలోపల నేల తగలకూడదు, కాళ్ల మధ్య పడకూడదు, అది అక్కడి పట్టింపు. "గుంజలకు సాగదీసి దుమ్ములో పొర్లిస్తారా, బుద్ధి ఉండాల్నా వద్దా" అని ఒక ముసలాయన కర్ర ఎత్తాడు. అప్పుడు నా స్నేహితుడు ఇంటికి పరుగెత్తి, వాళ్లమ్మ కట్టి విడిచి ఉతికి ఆరేసిన చీర తెచ్చాడు. అటు కొంగు ఒక గుంజకు, ఇటు కొంగు ఒక గుంజకు పట్టి గుంతలు తవ్వారు. ఉతికిన నూలు చీర ముడుచుకుంటుందని ఆ ఊళ్లో ఉయ్యాల్లో బిడ్డకు కూడా తెలుసు. ఆ సంబరంలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే జానెడు కలిపేవాళ్లు.

నేను రెఫరీగా మొదటిసారి పోయినప్పుడు టేపు సంచిలో ఉంది. తీయబోయాను. అతను చూసి, "ఏమప్పా, మా కొలత మీద నీకు అనుమానమా? పొద్దుగూకులూ మేం చేసేదే కొలత గదా" అని నవ్వాడు. మాటలో నొప్పి ఉందేమోననిపించింది. నన్ను వీపున మోసినవాడు. టేపు లోపలే ఉంచేశాను. ఫారంలో 'సరిచూశాను' అని రాసి పంపాను. ఆ తర్వాత మూడేళ్లూ అట్లాగే రాశాను.

ఆ మూడేళ్లలో అతను ఆ గుంజల మధ్య ఎట్లా ఆడేవాడో నాకు మాటల్లో చెప్పడం రాదు. మా రేగడి నేలకు జడిసి వాళ్ల జట్టు మ్యాచ్‌లన్నీ సొంత మైదానంలోనే పెట్టుకునేది. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. గుంజ ఎక్కడుందో అతని వీపుకు తెలుసు. పక్కకు దూకితే, చాచిన చేతికీ గుంజకూ నడుమ బెత్తెడు సందు మిగిలేది. బెత్తెడు సందులో బంతి పట్టదు. ప్రతిసారీ అంతే, వేలెడు అటూ ఇటూ కాదు. ఆ దూకుడు చూస్తూ నేను ఈల వేయడం మరిచిపోయిన రోజులున్నాయి.

ఇంతలో యుద్ధం వచ్చింది. కొన్నాళ్లకు నూలు కరువైంది. వారానికి నాలుగు రోజులు, ఆ తర్వాత రెండు రోజులు మగ్గం ఆడేది. మగ్గం ఆడని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వాళ్లింట్లోనే మొదటిసారి విన్నాను. కొందరు అప్పటికే షోలాపూరు మిల్లులకు పోయారు. అతను పోలేదు. అతని ఆశ ఒక్కటే. మా రెండు ఊళ్ల మధ్య పోటీలో గెలిచిన జట్టు మద్రాసు పోతుంది. అక్కడ రైల్వే కార్ఖానావాళ్లు మంచి ఆటగాళ్లను చూసి పనిలో పెట్టుకుంటారు. వాళ్లు అతన్ని ఒక్కసారి చూస్తే వదలరని నాకు నమ్మకం, అతనికీ నమ్మకం.

"ఒక్క మ్యాచ్ అప్పా. వాళ్ల ముందర ఒక్క మ్యాచ్ నిలబడితే సాలు. ఇంట్లో ఆరుగురం బతుకుతాం" అన్నాడు, మ్యాచ్ ముందు రోజు.

ఆ మ్యాచ్ ఎమ్మిగనూరులో జరిగింది. ఎమ్మిగనూరు ఒక గోలు కొట్టింది. ఆట ముగియబోతుండగా మా ఆదోని కుర్రాడు గట్టిగా తన్నాడు. బంతి గుంజ లోపలి అంచుకు తగిలి బయటికి వచ్చేసింది. అతను దాని మీద పడి పట్టుకున్నాడు. నేను చివరి ఈల వేశాను. నేతగాళ్లు అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. రెఫరీ ఎవరి పక్షమూ ఉండకూడదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎవరూ చూడకుండా ఈల తుడుచుకున్నట్టు నటించాను.

మా కార్యదర్శి గోలు దగ్గర నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మాది కొలుస్తావు గదా ప్రతిసారీ. ఇది కూడా కొలువప్పా ఒకసారి" అన్నాడు.

అందరి ముందూ టేపు పరిచాను. జానెడు తక్కువ. ఇంకోవైపు గోలు కొలిచాను. అదీ జానెడు తక్కువే, అదే చీర మరి. నేతగాళ్లకు అప్పుడు అర్థమైంది. ఒక ముసలాయన నుదురు కొట్టుకుని, "ఉతికిన చీర" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కార్యదర్శి ఫిర్యాదు పంపాడు. ఇక అంతా నా ఫారం మీద నిలబడింది. కొలతల విషయంలో రెఫరీ మాటే ఆఖరు మాట. ఆటకు ముందు సరిచూశాను, అప్పుడు సరిగ్గానే ఉంది, తొక్కిసలాటలో గుంజ జరిగిందని రాస్తే ఫిర్యాదు కొట్టుకుపోతుంది, వాళ్లు మద్రాసు పోతారు. ఎమ్మిగనూరు జట్టువాళ్లు నన్ను చుట్టుముట్టి అదే అడిగారు. "మూడేండ్లు రాసినావు గదన్నా, ఇంకొక్క తూరి రాస్తే ఏం బోతాది?" అన్నాడు ఒకడు. అతను మాత్రం ఏమీ అడగలేదు. బస్సు ఆగే చోటు దాకా నాతో నడిచి వచ్చాడు. బస్సు కదిలే ముందు, "నీ ఇష్టం అప్పా" అన్నాడు. అంతే.

ఆ ఫారం నా దగ్గర మూడు రోజులుంది. నిజాయితీపరుణ్ణని చెప్పుకునే ముఖం నాకు లేదు, మూడేళ్లు అబద్ధమే రాశాను. కానీ అప్పుడు కొలత తప్పని తెలియక రాశాను, లేదా తెలుసుకోవడం ఇష్టం లేక రాశాను. ఇప్పుడు జానెడు నా కళ్లారా చూశాను. చెయ్యి రాలేదు. 'సరిచూడలేదు, ఇంతకు ముందు కూడా చూడలేదు' అని రాసి పోస్టు చేశాను.

నెల తర్వాత మద్రాసు నుంచి జవాబు వచ్చింది. పెద్ద సంఘం నియమం ప్రకారం ఆ మ్యాచ్ చెల్లదు. సరైన కొలత గోలుతో ఆదోనిలో మళ్లీ ఆడాలి. నా బిళ్ల ఏడాది పాటు వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తరంలో కోపం లేదు, నన్ను తిట్టలేదు. కొలత అన్ని ఊళ్లకూ ఒకటే కాకపోతే ఏ ఊరు గెలిచిందో మేమెట్లా చెప్పగలమన్నట్టు రెండు ముక్కలు రాశారు. చదివి వాళ్లను బండబూతులు తిట్టాను. మళ్లీ చదివితే తిట్టడానికి ఏమీ దొరకలేదు.

రెండో మ్యాచ్ నేను తాడు బయట నిలబడి చూశాను. కర్నూలు నుంచి వచ్చిన రెఫరీ టేపుతో గుంజ నుంచి గుంజకు కొలిచాడు. సరిగ్గా ఎనిమిది గజాలు. ఆట మొదలయ్యే ముందు నా స్నేహితుడు ఒక గుంజ ముట్టుకుని, నడిచి వెళ్లి రెండోది ముట్టుకున్నాడు. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. వెనక్కి తిరిగి చూసుకోవడం అతనికి అలవాటు లేని పని. ఆ రోజు మాటిమాటికీ చూసుకున్నాడు.

అంతసేపూ బాగానే ఆపాడు. చివర్లో ఒక బంతి నేలబారుగా ఎడమ వైపు వచ్చింది. అది వేగంగా కూడా రాలేదు. అతను దూకాడు. నేను వంద సార్లు చూసిన దూకుడే, అదే చెయ్యి, అదే చోటు. చేతికీ గుంజకూ నడుమ ఎప్పుడూ ఉండే బెత్తెడు సందు ఆ రోజు జానెడైంది. బంతి అందులోంచి మెల్లగా దొర్లి లోపలికి పోయింది. ఆ ఒక్క గోలుతో గెలిచి మా ఆదోనివాళ్లు కేకలు వేశారు. అతను లేవలేదు. పడుకునే ఉండి ఆ సందు వైపు చూస్తున్నాడు. అతని ఒళ్లు తప్పు చేయలేదు. మూడేళ్లు ఏది నేర్చుకుందో అదే చేసింది.

మూడు వారాలకు షోలాపూరుకు బయలుదేరాడు. రైలు ఆదోనిలోనే ఎక్కాలి. పొద్దున స్టేషనుకు పోయాను. ఒక మూట, ఒక చెంబు, తెల్లచొక్కా. మద్రాసు పోయే బండి ఆగేది కూడా ఆ ప్లాట్‌ఫారం దగ్గరే. అతన్ని ఆ బండి ఎక్కించడానికి వచ్చి ఉండవలసినవాణ్ణి. పట్టాల వైపు చూస్తూ అడిగేశాను.

"నా మీద కోపంగా ఉండాదా? ఒక్క అబద్ధం రాసింటే నువ్వు ఈ పాటికి మద్రాసులో ఉంటాంటివి."

అతను నా వైపు తిరిగాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అది సరిగ్గానే రాసినావప్పా. అబద్ధం మీద మద్రాసు పోయింటే ఆడ గోలు ఎనిమిది గజాలే గదా ఉండేది? ఆడనే నగుబాటు అయ్యేటోణ్ణి." మూట భుజానికి ఎత్తుకున్నాడు. "నువ్వు మొదటి దినమే కొలిసింటే బాగుండు. మూడేండ్లుండె నాకు. నేర్చుకొనేటోణ్ణి."

బండి వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. చెయ్యి చాచాడు, పట్టుకున్నాను. ఆ రోజు సంచిలోంచి టేపు తీసి ఉంటే అతనికి ఒక్క సాయంత్రం మనసు నొచ్చుకునేది. మరుసటి సాయంత్రానికి గుంజ జరిపేవాళ్లు, వారంలో అతని వీపు కొత్త చోటు నేర్చుకునేది. అతని మీద ఇష్టంతోనే ఆ పని చేయలేదు. ఈ మాట అతనితో చెప్పాలని నోరు తెరిచాను. బండి కదిలింది.

మళ్లీ అతన్ని చూడలేదు. బిళ్ల తిరిగి వచ్చాక పాతికేళ్లు రెఫరీగా ఉన్నాను. ఏ ఊరు పోయినా, ఎవరు నొచ్చుకున్నా, ముందు గోలు కొలిచేవాణ్ణి. నా అంత చాదస్తుడు జిల్లాలో లేడని పేరు తెచ్చుకున్నాను. కొలిచిన ప్రతిసారీ, టేపు చుట్టుకుంటూ ఆ ఖాళీ గుంజల మధ్య ఒక్క క్షణం అతన్ని నిలబెట్టుకుని చూసుకునేవాణ్ణి.